పుస్తకానికి ఆ వైపు

మా హామిల్టన్‌కు దగ్గర్లో, కేంబ్రిడ్జ్ ఊరి చివర రాతితో కట్టిన పాత బడి ఒకటి ఉంది. ఒకటే గది. ఇప్పుడు అందులో ఎవరూ చదవరు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి రైతుల పిల్లలు, మిల్లు పనివాళ్ళ పిల్లలు ఎలా చదువుకున్నారో చూపించడానికి దాన్ని అలాగే ఉంచారు. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే మౌనిక కాలేజీ పని మీద దాన్ని చూడాలంటే నేనూ వెంట వెళ్ళాను. మౌనికది సూర్యాపేట దగ్గర పల్లె. హామిల్టన్‌లో చిన్నపిల్లలకు చదువు చెప్పే కోర్సు చేస్తోంది. మిగతా సమయమంతా కాఫీ షాపులో నిలబడుతుంది. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే ఒకరింటికి ఒకరం వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ బస్సెక్కినా మన పిల్లలే, వీపున సంచీ, చెవిలో ఫోను, ఆ ఫోనులో అమ్మ. వయసు లెక్కన నేను వీళ్ళకు అమ్మమ్మను. కానీ ఈ దేశంలో ఆడవాళ్ళమంతా ఆంటీలమే కాబట్టి నేనూ ఆంటీనే.

బడిలో పొడుగు గౌను తొడుక్కున్న ఒకావిడ అప్పటి టీచరు వేషంలో ఉంది. మమ్మల్ని బల్లల ముందు కూర్చోబెట్టింది, పలకలు ఇచ్చింది. గోడకు వేలాడుతున్న తోలు పట్టా తీసి, తప్పు చేసినవాళ్ళకు ఇదీ బహుమతి అంటూ నా ముందు బల్ల మీద ఒక్కటి చరిచింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. నా చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. నేను పంపలేదు, అవే వెళ్ళాయి.

"ఆంటీ, అది యాక్టింగ్. రియల్‌గ కొట్టదు," అంది మౌనిక.

ఆమె కొట్టదని నాకూ తెలుసు. చేతులకు తెలియలేదు. బయటికొచ్చి కారెక్కాక, సీటు బెల్టు పెట్టుకోలేక తడుముకుంటుంటే మౌనికే వంగి పెట్టింది. "మీరు గూడ చిన్నప్పుడు ఇట్లనే దెబ్బలు తిన్నరా? అంత భయపడ్డరేంది?" అని అడిగింది. హామిల్టన్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. అప్పుడు చెప్పిందే ఇప్పుడు కాస్త వరుసగా రాస్తున్నాను.

నాకు తేదీల పట్టింపు ఎక్కువ. ప్రతి ఏడూ మొదటి మంచు పడిన రోజు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కు ఫిల్టర్ మార్చిన రోజు, పెరట్లో గోంగూర మొలిచిన రోజు క్యాలెండర్ మీద రాసి, పాత క్యాలెండర్లు పారేయకుండా దాస్తాను. అలాంటిదాన్ని, నా బతుకులో అన్నిటికన్నా భయపడిన రోజుకు తేదీ చెప్పలేను. చలికాలమని తెలుసు, గంజి పెట్టిన పడుగు నూలు ఎండటం లేదని నాన్న విసుక్కుంటున్నాడు కాబట్టి. నాకు ఏడేళ్ళ లోపని తెలుసు, ముందు పళ్ళు లేవు కాబట్టి. తాత వయసు అంతకన్నా తెలియదు. ఆయన మా నాన్నకు తాత. ఇంటిల్లిపాదీ తాత అనే పిలిచేవాళ్ళం. ఆయన చెప్పిన కబుర్లు, ఆయన పెద్ద కొడుకు వయసు పక్కపక్కన పెట్టి చూస్తే, పందొమ్మిదో శతాబ్దం ముగియడానికి బాగా ముందే ఆయన బడి ఈడు పిల్లవాడు. ఇంతకన్నా కచ్చితంగా చెబితే అబద్ధమవుతుంది.

మాది చీరాల దగ్గర నేతగాళ్ళ వీధి. తెల్లవారక ముందే మగవాళ్ళు వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడినూలు వాసన, మగ్గం గుంటలోని మట్టి చెమ్మ వాసన కలిసి మా ఇంటి వాసన అయ్యేది. ఎండెక్కేసరికి ఇళ్ళన్నిట్లో మగ్గాలు మొదలయ్యేవి. ఆడవాళ్ళు, ఆడపిల్లలు రాట్నాల ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళు. మా అమ్మ చనిపోయాక ఆ పని మేనత్త వెంకమ్మ మీద పడింది. తాత మగ్గం దిగి అప్పటికే చాలా కాలమైంది. పొద్దున్న చద్దన్నం తిని, చేతులు కడుక్కుని, తడి చేత్తో పుస్తకం ముట్టకూడదని వాటిని ఎండలో చాచి ఆరబెట్టుకుని, అప్పుడు అరుగు మీద పుస్తకం తెరిచేవాడు. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. అట్ట ఊడిపోయింది, మొదటి కాగితాలు లేవు, దాని పేరేమిటో ఆయనకే తెలియదు. పద్యాలుండేవి, బొమ్మలుండేవి కావు. ఆయన పైకి చదువుతుంటే నాన్న మగ్గం చప్పుడు కొంచెం నెమ్మదించేది.

తాత చదివేది కింది వరుస నుంచి పైకి, కుడి నుంచి ఎడమకు. అంటే పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదివేవాడు. అది తలకిందులని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియడానికి చదవగలిగిన మనిషి ఆయన ఒక్కడే. సంతకం అవసరమైతే నాన్న కాగితం మీద, మగ్గంలో నూలును అటూ ఇటూ మోసే నాడె బొమ్మ గీసేవాడు, అదే ఆయన నిశానీ. మేనత్తకు ఆ అవసరమే రాలేదు.

తాత నేర్చుకున్న తీరు అలాంటిది. ఆయన చిన్నప్పుడు వీధి బడి అంటే ఒక పంతులు, ఆయన ఇంటి అరుగు, ఒక పుస్తకం. పంతులు అరుగు మీద, పుస్తకం పెట్టిన పీట ముందు కూర్చునేవాడు. కలిగిన ఇళ్ళ పిల్లలు ఆయన పక్కన కూర్చుని ఇసుకలో దిద్దేవాళ్ళు. పంతులుకు ఏటా జీతం ఇచ్చుకునే స్తోమత తాత ఇంట్లో లేదు. అందుకని పంతులు ఇంటికి నీళ్ళు మోసి, దానికి బదులుగా అరుగు కింద, వీధిలో, పుస్తకానికి ఎదురుగా కూర్చునే వీలు సంపాదించుకున్నాడు. పంతులు వేలు ఏ అక్షరం మీద ఉంటే దాన్ని అటు వైపు నుంచి చూసి, నోటితో అనేవాడు. అలా పుస్తకమంతా ఆ వైపు నుంచే వచ్చింది.

ఆ బడి సంగతులు తాత నవ్వుతూ చెప్పేవాడు, నేను వణుకుతూ వినేదాన్ని. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు 'శ్రీ' రాసేవాడట. రెండోవాడికి చుక్క పెట్టేవాడు. మూడోవాడి నుంచి దెబ్బలు, వెనకబడిన కొద్దీ ఎక్కువ. అందుకని పిల్లలు చీకట్లోనే పరుగెత్తేవాళ్ళట. మాట వినని వాడికి కోదండం. దూలానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని వేలాడమనేవాళ్ళు. కింద పడకుండా వేలాడినంత సేపు వేలాడాలి. "మరి నిన్ను, తాతా?" అని అడిగేదాన్ని. "నన్నెందుకు కొడతారే? నేను బళ్ళో పిల్లోణ్ణి కాదుగా, నీళ్ళోణ్ణి," అని నవ్వేవాడు.

నాకు ఆయనే అక్షరాలు నేర్పాడు. పక్కన కూర్చోబెట్టుకుని, పళ్ళెంలో ఇసుక పోసి, తనకు తెలిసినట్టే రాసి చూపించేవాడు. తలకట్లు నాకు అక్షరాల అడుగున, కాళ్ళకు కట్టిన మువ్వల్లా కనిపించేవి. నేను త్వరగా నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో సగానికి వచ్చాక నాన్న నన్ను సర్కారు బోర్డు బడిలో వేశాడు.

బడిలో పుస్తకం ఇచ్చిన రోజు తాత పట్టుకున్నట్టే పట్టుకుని తెరిచాను. అందులో ఆవు బొమ్మ ఉంది. ఆవు వెల్లకిలా పడి, కాళ్ళు నాలుగూ పైకెత్తి ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. చచ్చిన ఆవును పుస్తకంలో ఎందుకు వేశారో తెలియక ఏడుపందుకున్నాను. పక్కనున్న పిల్ల నా పుస్తకం లాగి తిప్పి పెట్టింది. ఆవు లేచి నిలబడింది, అక్షరాలన్నీ పడిపోయాయి. ఒక్కటీ నాకు తెలిసినది కాదు.

(ఇక్కడ మౌనిక గట్టిగా నవ్వి, స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసింది. నేను రోడ్డు చూడమన్నాను.)

ఆ రోజు నుంచి నాకు బడి అంటే భయం. పలక మీద రాసినప్పుడు చిక్కు లేదు. మాస్టారు ఎదురుగా నిలబడి ఒళ్ళోని పలకలు చూసేవారు, అటు నుంచి నా రాత సరిగ్గానే కనిపించేది. కానీ చదివించేది నల్లబల్ల మీద. నల్లబల్లను తిప్పి పెట్టుకోలేను కదా. మెడ వంచి, నడుం వంచి, తల నేల దాకా దించి చూస్తే కొంత అర్థమయ్యేది. మాస్టారు దాన్ని కోతి చేష్ట అనుకున్నారు. బెత్తం చేతుల మీద పడేది. నేను చేతులు వెనక దాచుకుంటే వీపు మీద పడేది. నిజం చెబుదామంటే నోరు రాలేదు. చెబితే తాత చదువు తప్పని తేలుతుంది. తాత చదువు తప్పయితే మా ఇంట్లో చదివినవాళ్ళే లేనట్టు.

ఒక సాయంత్రం మాస్టారు మా వీధికి వచ్చారు. నాన్న మగ్గం గుంటలో నుంచే మాట్లాడాడు.

"ఏమయ్యా, మీ పిల్లకు బుర్రలో ఏదో ఉంది. నల్లబల్ల చూడమంటే తల నేలకేసి ఆనిస్తోంది. అక్షరం ముక్క చదవదు," అన్నారు మాస్టారు.

"తలకాయ కిందికేసి చూసేది దయ్యాలేగా," అంది మేనత్త రాట్నం ఆపకుండా. "నేను చెప్తానే ఉన్నా, ముందు దానికి విబూది పెట్టించండి."

"నువ్వుండవే," అని నాన్న మాస్టారి వైపు తిరిగాడు. "బళ్ళ ఇన్‌స్పెక్టరు గారు వస్తారంటున్నారు గదండీ?"

"ఈ నెలలోనే."

"ఆయన ముందర చదివిందా, మీ బడికే పంపుతా. చదవలేదా, మా రాట్నం కాడ కూర్చోబెడతా. నాకూ చేతులు తక్కువగా ఉండయ్యి. ఊరికే తన్నులు తినటానికి పంపి ఏం జేసుకోనూ?"

నాన్న కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే చల్లారేదేమో. లెక్క చూసుకున్నట్టు అన్నాడు, అందుకే అది జరిగి తీరుతుందని తెలిసిపోయింది. మేనత్త ఆ పూటే నాకు సరిపడే చిన్న పీట ఒకటి రాట్నం పక్కన పెట్టింది. "ఇక్కడైతే తల అటూ ఇటూ తిప్పే పని లేదు, రావే," అంది. ఆమెకు నా మీద పగేమీ లేదు. ఆమె ఏడేళ్ళకు కూర్చుంది, నేనూ కూర్చుంటే తోడు అనుకుంది. నేను మాత్రం ఆ పీట వైపు చూడకుండా గోడ వారగా నడిచేదాన్ని.

ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా నేను పడిన భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఈ దేశానికి వచ్చిన మొదటి శీతాకాలంలో, మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా నాకొక భాష ఉంది, అడగడానికి మనుషులున్నారు. అప్పుడు ఎవరూ లేరు. పుస్తకం సరిగ్గా పెట్టుకుని చూసేదాన్ని. అక్షరాలు పురుగుల్లా కాళ్ళు పైకెత్తి ఉండేవి. చివరికి అరుగు మీద తాతకే చెప్పేశాను. పుస్తకం అసలు పట్టుకోవాల్సింది ఇటు కాదంట, అటంట, అన్నాను.

తాత పుస్తకాన్ని నెమ్మదిగా తిప్పాడు. చూశాడు. ఆయన కళ్ళు నా కళ్ళలాగే కాగితం మీద ఎక్కడా నిలవలేదు. మళ్ళీ మామూలుగా తిప్పుకుని, చేత్తో పొట్ట దగ్గరికి అదుముకున్నాడు.

"అటు పక్క పంతులు గదా కూర్చునేది," అన్నాడు. తర్వాత, "మీ నాన్నకు చెప్పబాక," అన్నాడు.

ఆయన కూడా భయపడుతున్నాడని అప్పుడే తెలిసింది. అప్పటిదాకా భయమంటే చిన్నపిల్లలకు మాత్రమే ఉండేదనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు సైకిలు మీద వచ్చారు. బల్ల వెనక కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, మా పుస్తకాన్ని తన ముందు తెరిచి పెట్టుకున్నారు. ఒక్కొక్కరినీ బల్లకు ఇవతల నిలబెట్టి ఏవో మాటలు అడుగుతున్నారు. కిటికీ ఊచల అవతల తాత తల కనిపించింది. ఆయన బడి ఆవరణలోకి రావడం నేను అంతకుముందు చూడలేదు. నా పేరు పిలిచారు. మాస్టారు ముందే, "ఈ పిల్లకు రాదండీ," అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు విననట్టు, తన ముందున్న పుస్తకం మీద వేలు పెట్టి, "ఇక్కడేముందో చెప్పగలవా?" అని ఊరికే అడిగారు.

పుస్తకం ఆయన వైపు ఉంది. అంటే నా వైపుకు తలకిందులుగా ఉంది. అంటే నాకు సరిగ్గా ఉంది.

చదివాను. గడగడా చదివాను. ఆయన కాగితం తిప్పారు, అదీ చదివాను. చివరి పాఠం తీశారు, బడిలో ఎవరూ ఇంకా చేరని పాఠం. అదీ చదివాను. మాస్టారి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు గారి ముఖమంతా వెలిగింది. "అరే, పాపం, తలకిందులుగా కనిపిస్తున్నా చదివేస్తోందే! ఇదిగో అమ్మా, నీ వైపు పెడుతున్నా, హాయిగా చదువు," అని ఎంతో ప్రేమగా పుస్తకాన్ని నా వైపు తిప్పారు.

అక్షరాలన్నీ పడిపోయాయి.

నిలబడ్డాను. ఆయన కాసేపు చూశారు. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. "చదువమ్మా." నాకు రాట్నం చప్పుడు చెవిలో వినిపిస్తోంది. పరికిణీ తడిసి, వెచ్చగా కాళ్ళ మీదుగా కారింది. "బట్టీ అండీ," అన్నారు మాస్టారు. "ఇంట్లో ముసలాయన ఒకడున్నాడు, వాడు వల్లె వేయించుంటాడు." కిటికీ వైపు చూశాను. తాత తల అక్కడ లేదు.

తర్వాత చేసింది నేను ఆలోచించి చేయలేదు. బల్ల చుట్టూ నడిచాను. మాస్టారు బెత్తం పైకెత్తారు. పెద్దల కుర్చీ పక్కకు పిల్లలు వెళ్ళడం అప్పట్లో లేదు, అందులోనూ తడిసిన పరికిణీతో. మెడ మీద దెబ్బ ఎప్పుడు పడుతుందా అని మెడ లోపలికి లాక్కునే నడిచాను. ఇన్‌స్పెక్టరు గారి కుర్చీ చేతిని ఆనుకుని నిలబడితే పుస్తకం మళ్ళీ నా పుస్తకమయింది. ఆయన అడిగిన చోటు నుంచి మొదలుపెట్టి, ఆ పాఠం చివరిదాకా చదివాను. మధ్యలో బెత్తం పడలేదు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారని తర్వాత పక్క పిల్ల చెప్పింది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా తాత."

"ఆయనకు?"

"ఎవరూ నేర్పలా. పంతులుకు ఎదురుగా కూర్చున్నాడంట."

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. మాస్టారితో, "ఈ పిల్లకు చదువు వచ్చండీ. పుస్తకం తిప్పడమే నేర్పాలి," అన్నారు. ఆ మాట సాయంత్రానికి మా వీధికి చేరింది. నాన్న మగ్గం మీద నుంచి తలెత్తి, "సరే, పో రేపటి నుంచీ," అన్నాడు. మేనత్త ఆ చిన్న పీటను పొయ్యి దగ్గరికి మార్చి తానే కూర్చుంది.

అప్పటికి మేం హామిల్టన్ చేరుకున్నాం. మౌనిక కారు ఇంటి ముందు ఆపింది కానీ దిగలేదు. వచ్చే వారం తను పిల్లలతో పని చేయిస్తుంటే సూపర్‌వైజర్ వెనక కూర్చుని మార్కులు వేస్తుందట. "ఫెయిల్ చేస్తే ఇంకో సెమిస్టర్, ఆంటీ. స్టడీ పర్మిట్ సంగతి ఆలోచిస్తే నిద్ర పడ్తలేదు. ఇంట్ల చెప్తే భయపడ్తరని చెప్పలే," అంది. ఈమె ముందు తోలు పట్టా లేదు, కోదండం లేదు, బెత్తం ఎత్తితే ఇక్కడ పోలీసులొస్తారు. అయినా ఆ భయం నాకు కొత్తది కాదు. చదువు ఎన్ని మెట్లెక్కి ఎంత దూరం వచ్చిందో నేను చాలా లెక్కలు వేశాను. మా నాన్న నాడె బొమ్మ దగ్గర మొదలుపెట్టి, ఇద్దరు ఇంజినీర్లయిన నా పిల్లల దాకా. భయం మాత్రం ఎక్కడ తగ్గిందో ఆ లెక్కలో కనిపించదు. దెబ్బ పోయింది, దెబ్బ కోసం ఎదురుచూడటం పోలేదు. లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టాను. అంతకన్నా నాకు చేతనయిందేమీ లేదు.

తింటూ మౌనిక అడిగింది, "మరి తాతకెవ్వరూ సీదా చదువుడు నేర్పలేదా, ఆంటీ?"

నేర్పుదామని నేనే చూశాను. బడిలో నాకు పుస్తకం సరిగ్గా పట్టుకోవడం అలవాటయి, పాత తీరు పోయాక, ఒక పొద్దున అరుగు మీద తాత పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇక ఈ కళ్ళకు రాదులే, అన్నాడు. అయితే నేను ఆయన పక్కన కూర్చుంటే నాకు తలకిందులు, నా పక్కన ఆయన కూర్చుంటే ఆయనకు తలకిందులు. ఇద్దరికీ కుదిరే చోటు ఒక్కటే. పుస్తకాన్ని మధ్యలో నా వైపు తిప్పి పెట్టి, నేను ఇవతల కూర్చున్నాను. తాత అవతల, ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం ఒకే వరుస మీద వేళ్ళు పెట్టి కలిసి చదివాం. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, కాగితం అయిపోగానే తిప్పడానికి చెయ్యి గబుక్కున పైకెత్తాను.

తాత రెండు మోచేతులూ ఎత్తి తలకు అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పళ్ళు లేని నోరు బిగించి, భుజాలు దగ్గరికి లాక్కుని, అంత పెద్ద మనిషి ఒక్క క్షణంలో నా అంత అయిపోయాడు. ఎదురుగా కూర్చున్నవాడే పంతులు చేతికి అందేవాడని, పక్కన కూర్చున్న పిల్లలు తప్పు చేసినా ఆ చెయ్యి మొదట పడింది ఆయన మీదేనని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేను చెయ్యి దించేశాను. తాత కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, ఈగను తోలినట్టు మోచేతులు ఆడించి, "చదువు, చదువు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఉన్నంతకాలం కాగితాలు ఆయననే తిప్పమన్నాను. వరుస అయిపోయాక నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఎప్పుడు తిప్పితే అప్పటిదాకా కూర్చునేదాన్ని.